ఓర్కాలను చూడాలంటే ముందు వాటి భోజనం సంగతి తెలుసుకోండి

మీ ప్రశ్న సారాంశం ఇది: పదకొండేళ్ల పాప, ఏడేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో కలిసి పడవలో వెళ్లి, సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే ఓర్కాలను, అంటే ‘హంతక తిమింగలం’ అని పిలిచే పెద్ద డాల్ఫిన్లను చూడాలి. ఎక్కడికి వెళ్లాలి, ఏ నెలలో వెళ్లాలి, పెద్ద పడవ మంచిదా చిన్నదా, తప్పకుండా కనిపిస్తాయా, పడవలను ముంచేస్తున్నాయని వార్తల్లో వస్తోంది కదా, పిల్లలతో వెళ్లడం క్షేమమేనా అని అడిగారు.

కనిపిస్తాయా అన్న దానికి ముందు జవాబు చెబుతాను. గత పదిహేనేళ్లలో నేను ఇలాంటి ప్రయాణాలు ఇరవై ఆరు చేశాను. వాటిలో ఐదుసార్లు ఓర్కా జాడే లేదు. ఒకసారి నాలుగు గంటల పాటు పొగమంచును మాత్రమే చూసి, చల్లారిన టీ తాగి వెనక్కి వచ్చాం. ‘తప్పకుండా చూపిస్తాం’ అని రాసే నిర్వాహకులు ఉంటారు. ఆ హామీకి అర్థం చాలాచోట్ల ఒకటే: కనిపించకపోతే మరోసారి ఉచితంగా తీసుకెళ్తారు, డబ్బు మాత్రం తిరిగి ఇవ్వరు. అందుకే ఆ ఊళ్లో కనీసం మూడు రోజులు ఉండేలా చూసుకుని, పడవ ప్రయాణాన్ని మొదటి రోజే పెట్టుకోండి. చివరి రోజుకు వాయిదా వేసినవారికి ఆ ఉచిత టిక్కెట్టు ఎందుకూ పనికిరాదు.

ఇక ఎక్కడ, ఎప్పుడు అన్నది. దీన్ని పటంలోనో క్యాలెండర్‌లోనో వెతక్కండి, ఓర్కాల వంటింట్లో వెతకండి. ఓర్కా అంటే ఒకే రకమైన జంతువు, ప్రపంచమంతటా ఒకేలా బతుకుతుంది అనుకుంటే మొదటి అడుగే తప్పుతుంది. ఆర్కిటిక్ నుంచి అంటార్కిటికా దాకా అన్ని మహాసముద్రాల్లో ఇవి ఉన్నాయి. కానీ ఒక్కో గుంపుకు ఒక్కో తిండి. నార్వేలో హెర్రింగ్ చేపలు, న్యూజిలాండ్‌లో టెంకి చేపలు, జిబ్రాల్టర్ దగ్గర ట్యూనా, అంటార్కిటికాలో కొన్ని గుంపులకు మంచు పలకల మీద పడుకున్న సీళ్లు. ఈ తిండిని, వేటాడే పద్ధతిని పిల్లలు తల్లుల దగ్గర నేర్చుకుంటాయి. ఆకలేసినా పక్క గుంపు తిండి వైపు చూడవు. మడి కట్టుకున్న ముసలమ్మ కూడా ఇంత పట్టింపుగా ఉండదు. కాబట్టి చేప ఎప్పుడు ఏ తీరానికి వస్తుందో తెలిస్తే, ఓర్కా ఎప్పుడు వస్తుందో తెలిసినట్టే.

మీ కుటుంబానికి నేను సూచించేది సేలిష్ సముద్రం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి, కెనడాలోని వాంకూవర్ దీవికి మధ్య, చుట్టూ దీవులతో కాస్త రక్షణగా ఉన్న జలాలు ఇవి. అమెరికా వైపు శాన్ హువాన్ దీవుల్లోని ఫ్రైడే హార్బర్ నుంచి, కెనడా వైపు విక్టోరియా, వాంకూవర్ నగరాల నుంచి పడవలు బయలుదేరతాయి. ప్రయాణం సాధారణంగా మూడు నుంచి ఐదు గంటలు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వాతావరణం అనుకూలంగా ఉంటుంది. బహిరంగ మహాసముద్రంలో ఉండే పెద్ద అలలు ఇక్కడ అరుదు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి, ఏడేళ్ల పిల్లవాడికి ఇది చిన్న విషయం కాదు.

ఈ నీళ్లలో రెండు రకాల ఓర్కాలు తిరుగుతాయి. వెళ్లే ముందు ఈ తేడా పిల్లలకు చెప్పి తీసుకెళ్లండి, చూసే చూపే మారిపోతుంది. మొదటివి ‘సదరన్ రెసిడెంట్స్’ అని పిలిచే చేప తినే ఓర్కాలు. జె, కె, ఎల్ అనే మూడు గుంపులు, అన్నీ కలిపినా డెబ్బై చిల్లర మాత్రమే. వాటికి ప్రాణం చినూక్ సాల్మన్ చేప. మిగతా రకాల సాల్మన్ దండిగా ఉన్నా చినూక్ కోసమే వెతుక్కుంటాయి, దొరికిన చేపను పంచుకుని తింటాయి. ఆ చేప తగ్గిపోయింది. 1960లు, 70లలో ప్రదర్శనశాలల కోసం వీటి పిల్లలను పట్టుకుపోయారు, ఆ దెబ్బ నుంచి కూడా అవి ఇంకా కోలుకోలేదు. అమెరికా 2005లో వీటిని అంతరించిపోతున్న వాటి జాబితాలో చేర్చింది. 2018లో జె-35 అనే తల్లి, పుట్టిన కాసేపటికే చనిపోయిన బిడ్డను వదలలేక పదిహేడు రోజుల పాటు తల మీద మోసుకుంటూ తిరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తల్లి ఈ గుంపులదే.

రెండో రకం ‘బిగ్స్ ఓర్కాలు’. వీపు రెక్క ఆకారాన్ని, దాని వెనక ఉండే బూడిద రంగు మచ్చను బట్టి ఒక్కొక్క జంతువును గుర్తుపట్టవచ్చని 1970లలో చూపించిన కెనడా పరిశోధకుడు మైకేల్ బిగ్ పేరు వీటికి పెట్టారు. ఇవి చేప ముట్టవు. సీళ్లు, సముద్ర సింహాలు, డాల్ఫిన్లను పోలిన పోర్పస్‌లు వీటి ఆహారం. అమెరికాలో 1972 చట్టం వల్ల సముద్ర క్షీరదాల వేట ఆగింది, సీళ్లు మళ్లీ పెరిగాయి, వాటి వెంట ఇవీ పెరిగాయి. ఈనాడు సేలిష్ సముద్రంలో పడవ ఎక్కినవారికి ఎక్కువగా కనిపించేవి ఇవే, అదీ ఏడాది పొడవునా. రెండు రకాలూ ఒకే నీళ్లలో తిరుగుతూ కూడా కలవవు, జత కట్టవు. రెండు లక్షల సంవత్సరాలకు పైగా వీటి వంశాలు విడివిడిగానే సాగుతున్నాయని జన్యువులు చెబుతున్నాయి. వీటిని వేర్వేరు జాతులుగానే లెక్కించాలని 2024లో కొందరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు కూడా.

పిల్లలకు బాగా నచ్చే తేడా ఒకటుంది. చేప తినే ఓర్కాలు వాగుడుకాయలు. నీటి అడుగు శబ్దాలను పట్టే మైకు, హైడ్రోఫోన్, నీళ్లలో దించితే ఈలలు, కీచులు, తలుపు కిర్రుమన్నట్టు పిలుపులు వినిపిస్తాయి. ప్రతి గుంపుకూ తనదైన యాస ఉంటుంది. బిగ్స్ ఓర్కాలు మాత్రం వేటలో నోరు మెదపవు. సాల్మన్‌కు ఆ పిలుపులు అంతగా వినపడవు, సీల్‌కు చక్కగా వినపడతాయి మరి. వేట ముగిశాక మాత్రం ఒక్కసారిగా సందడి మొదలవుతుంది. నేను ఉన్న పడవలో ఒకసారి గైడు హైడ్రోఫోన్ దించి స్పీకరు పెట్టాడు. ఇరవై నిమిషాలు నిశ్శబ్దం. పరికరం పాడైందని అందరం అనుకున్నాం. ఆ తర్వాత ఒక చోట నీరు కలత చెందింది, గల్ పక్షులు వాలాయి, స్పీకరు నిండా గోల. ఏం జరిగిందో గైడు చెప్పక ముందే మా పక్కనున్న చిన్న పిల్లకు అర్థమైంది.

ఇది మీకూ ఎదురు కావచ్చు కాబట్టి చెబుతున్నాను. బిగ్స్ ఓర్కాల వెంట వెళ్లడమంటే, ఒక సీల్ చావును చూసే అవకాశం కూడా ఉన్నట్టే. గంటకు పైగా సాగే వేటలు ఉంటాయి. నీటి మీద నెత్తురు, నూనె తెట్టు కనిపిస్తాయి. మీ పదకొండేళ్ల పాప తట్టుకోగలదు, ఏడేళ్ల బాబు సంగతి మీకే తెలియాలి. ముందుగా చెప్పి తీసుకెళ్లిన పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. చెప్పకుండా తీసుకెళ్లిన పిల్లలు ఏడుస్తారు.

మిగతా చోట్ల గురించి త్వరగా చెప్పేస్తాను. నార్వే ఉత్తరాన స్క్యెర్వోయ్ దగ్గర నవంబరు నుంచి జనవరి వరకు హెర్రింగ్ చేపల కోసం వందల ఓర్కాలు చేరతాయి. చేపలను చుట్టుముట్టి బంతిలా ఒత్తి, తోకతో కొట్టి, మూర్ఛపోయిన వాటిని ఒక్కొక్కటిగా తింటాయి. ప్రపంచంలో ఇంతకంటే గొప్ప దృశ్యం నేను చూడలేదు. కానీ నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా అక్కడ సూర్యుడు ఉదయించడు, మధ్యాహ్నం కొన్ని గంటలు నీలి వెలుగు మాత్రమే ఉంటుంది. చలి ఎముకలు కొరుకుతుంది. పిల్లలు పెద్దయ్యాక వెళ్లండి. ఆస్ట్రేలియా పశ్చిమ భాగంలోని బ్రెమర్ బే నుంచి జనవరి–ఏప్రిల్ మధ్య వెళ్లే ప్రయాణం పూర్తి రోజు పడుతుంది, అదీ బహిరంగ దక్షిణ సముద్రంలో. కడుపు గట్టిగా ఉన్నవారికే. జపాన్‌లోని రౌసు నుంచి వసంతం చివర్లో చూడవచ్చు. అర్జెంటీనాలోని వాల్దేస్ ద్వీపకల్పంలో కొన్ని ఓర్కాలు ఒడ్డు మీదికే దూసుకొచ్చి సముద్ర సింహాల పిల్లలను పట్టుకుంటాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో పుంతా నోర్తే దగ్గర ఒడ్డు నుంచే చూడాలి, రోజుల తరబడి ఓపిక పట్టాలి.

పడవ విషయానికి వద్దాం. గాలి నింపిన అంచులుండే చిన్న జోడియాక్ పడవలు వేగంగా వెళ్తాయి, నీటికి దగ్గరగా కూర్చోబెడతాయి. కానీ అల అలకూ నడుము ఎగిరి పడుతుంది, మరుగుదొడ్డి ఉండదు, వాన వస్తే తడవాల్సిందే. వెన్నునొప్పి ఉన్నవారిని, గర్భిణులను, చిన్న పిల్లలను చాలామంది నిర్వాహకులు వాటిలో ఎక్కించుకోరు. మీరు నలుగురూ వెళ్లేది గది, మరుగుదొడ్డి, చుట్టూ తిరగడానికి చోటు ఉన్న పెద్ద పడవలోనే. ఎత్తు మీది నుంచి చూస్తే దూరాన ఉన్న ఊపిరి తుంపర ముందుగా కనిపిస్తుంది, అది అదనపు లాభం. ఎక్కే మెట్లు ఎన్ని, పట్టుకోవడానికి కమ్మీలు ఉన్నాయా అని అమ్మగారి కోసం ముందే ఫోను చేసి అడగండి.

అంతకంటే ముఖ్యంగా ఇంకొకటి అడగండి: ‘మీరు ఓర్కాలకు ఎంత దగ్గరగా వెళ్తారు?’ చాలా దగ్గరగా తీసుకెళ్తాం అని గర్వంగా చెప్పినవారి టిక్కెట్టు కొనకండి. వాషింగ్టన్ జలాల్లో 2025 జనవరి 1 నుంచి సదరన్ రెసిడెంట్స్‌కు ఏ పడవైనా 1,000 గజాల దూరంలో ఉండాలి, అంటే దాదాపు 914 మీటర్లు. ఆ దూరం నుంచి అవి చుక్కల్లాగే కనిపిస్తాయి. అందుకే మంచి సారంగు (పడవ నడిపేవాడు) ఎదురుగా ఉన్నవి ఆ గుంపులని గుర్తించగానే పడవను పక్కకు తిప్పి, బిగ్స్ ఓర్కాలనో హంప్‌బ్యాక్ తిమింగలాలనో వెతుక్కుంటూ పోతాడు. అదుగో అక్కడున్నాయి, ఎందుకు వదిలి వెళ్తున్నారు అని ప్రయాణికులు గొడవ పెట్టుకోవడం నేను చూశాను. మీరు పెట్టుకోకండి. ఆ గుంపులు చీకటి నీళ్లలో చేపను కళ్లతో కాదు, శబ్దంతో వెతుకుతాయి. తాము పంపిన టిక్కు టిక్కు శబ్దాల ప్రతిధ్వనిని విని, ఎదురుగా ఉన్నది చినూకా కాదా అని తేల్చుకుంటాయి. ఇంజిను మోత ఆ ప్రతిధ్వనిని మింగేస్తుంది. అసలే చేప తక్కువ. మనం వెళ్లి ఆ కాస్తా వినపడకుండా చేస్తే ఎలా?

బిగ్స్ ఓర్కాల దగ్గర అమెరికా వైపు కనీస దూరం 200 గజాలు. కెనడా వైపు కొలతలు వేరు, అక్కడ నిబంధనలను ఏటా సవరిస్తుంటారు, మీరు వెళ్లే ఏడాదివి చూసుకోండి. దూరం ఒక్కటే కాదు, పడవ నడిపే తీరు కూడా గమనించాలి. పక్కగా, అవి వెళ్లే దిక్కుకు సమాంతరంగా, వాటి వేగానికి తగ్గట్టు మెల్లగా వెళ్లడం మర్యాద. వాటి దారికి ముందుకు దూసుకెళ్లి అడ్డంగా ఆగి, అవే మా దగ్గరికి వచ్చాయి అని చెప్పుకోవడం మోసం. నా మూడో ప్రయాణంలో ఒక చిన్న పడవవాడు సరిగ్గా అదే చేశాడు. అప్పట్లో నాకు తెలియక, ఎంత నేర్పరి అని చప్పట్లు కొట్టాను. వరుసగా వస్తున్న ఐదు ఓర్కాలు ఒక్కసారిగా మునిగి, ఎనిమిది నిమిషాల తర్వాత మా వెనక ఎక్కడో తేలాయి. తల్లీ పిల్లా మాత్రం వేరే దిక్కున. ఆ ఫోటోలను ఇప్పటికీ ఎవరికీ చూపించను.

నీటి మీద ఏం చూడాలో కాస్త చెబుతాను. సారంగు ‘రెండు గంటల దిక్కు’ అంటే కంగారుగా చేతి గడియారం చూసుకోకండి. పడవ ముక్కు పన్నెండు, కుడి భుజం మూడు, వెనక భాగం ఆరు. ఈ ఆట పిల్లలకు పడవ ఎక్కక ముందే నేర్పండి. మొదట కనిపించేది జంతువు కాదు, దాని ఊపిరి. ముదురు రంగు కొండల ముందు తెల్లటి పొద లేచి కరిగిపోయినట్టు ఉంటుంది. ఆ తర్వాత వీపు రెక్క. తెరచాప కొయ్యలా నిటారుగా, మనిషి ఎత్తు ఉందంటే అది పెద్ద మగది, ఆ రెక్క 1.8 మీటర్ల దాకా పెరుగుతుంది. పొట్టిగా, కొడవలిలా వంగి ఉంటే ఆడది కావచ్చు, ఇంకా ఎదగని మగదీ కావచ్చు. తెలుపు ఉండాల్సిన చోట నారింజ ఛాయ కనిపిస్తే అది పసికూన. పక్కనే ఉన్న పెద్ద మగది తండ్రి అని పిల్లలతో చెప్పకండి, మేనమామో అన్నయ్యో అయి ఉంటుంది. వీటి ఇళ్లలో కొడుకులు చాలావరకు జీవితాంతం తల్లి వెంటే ఉంటారు. దారి చూపేది సాధారణంగా ముసలి ఆడది. పిల్లలను కనే వయసు దాటాక కూడా దశాబ్దాల పాటు బతికి కుటుంబాన్ని నడిపించే అతికొద్ది జంతువుల్లో ఇది ఒకటి. మీ అమ్మగారికి ఈ మాట తప్పకుండా చెప్పండి.

గాలిలోకి ఎగరడం కోసమే కళ్లు కాయలు కాచేలా చూస్తూ కూర్చుంటే మిగతావన్నీ జారిపోతాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అవి విశ్రాంతి తీసుకునే వేళ. నాలుగైదు పక్కపక్కనే చేరి, ఒకేసారి తేలి, ఒకేసారి ఊపిరి వదిలి, ఒకేసారి మునుగుతాయి. సారంగు ఇంజిను ఆపేస్తే ఆ ఊపిరి చప్పుడు నీటి మీదుగా మన దాకా వస్తుంది. నా మొదటి ప్రయాణంలో ఇదేదీ నేను వినలేదు, ఫోను తెరలోంచి చూస్తూ గడిపాను. ఇంటికొచ్చి చూసుకుంటే నలభై రెండు ఫోటోల్లో ఉన్నది, ఓర్కా అప్పుడే మునిగిన నీరు. కెమెరా ఉంటే సెకనులో వెయ్యో వంతు షట్టర్ వేగం పెట్టి, తేలిన చోట కాకుండా అది వెళ్తున్న దిక్కున కాస్త ముందుకు గురి పెట్టండి. ఫోను మాత్రమే ఉంటే జేబులో పెట్టుకోండి.

కడుపులో తిప్పే సమస్య ఉంటే మాత్ర పడవ ఎక్కాక వేసుకుంటే లాభం లేదు, కనీసం అరగంట ముందు పడాలి. పిల్లలకు, పెద్దావిడకు ఏది ఇవ్వవచ్చో మీ వైద్యుణ్ని అడిగి వెళ్లండి. ఖాళీ కడుపుతో ఎక్కకండి. పడవ మధ్యలో, కింది అంతస్తులో ఊపు తక్కువ. కళ్లు దిగంతం మీద ఉంచాలి. జూలైలో కూడా నీటి మీద గాలి కోస్తుంది, పొరలు పొరలుగా బట్టలు, చెవులు కప్పే టోపీ, చేతి తొడుగులు ఉండాలి. చలికి ఏడ్చే పిల్లవాడికి ఏ ఓర్కా కనిపించదు.

పడవలను ముంచడం గురించి. ఆ వార్తలన్నీ స్పెయిన్, పోర్చుగల్ తీరాలు, జిబ్రాల్టర్ జలసంధికి చెందినవి. 2020 నుంచి అక్కడి ఒక చిన్న గుంపు తెరచాప పడవల చుక్కానులను తోసి విరగ్గొడుతోంది, కొన్ని పడవలు మునిగాయి కూడా. అది ఆటా, మరేదైనా కారణమా అన్నదానిపై పరిశోధకుల్లో వాదనలు నడుస్తున్నాయి. సేలిష్ సముద్రపు ఓర్కాలు వేరు, వాటికి ఆ అలవాటు లేదు. సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే ఓర్కా మనిషిని చంపినట్టు ఇంతవరకు ఎక్కడా నమోదు కాలేదు. మనుషులు చనిపోయింది కొలనుల్లో బంధించి ఆడించిన వాటి వల్ల. వీటికి ‘హంతక తిమింగలం’ అని ఎవరు పేరు పెట్టారో కానీ, డాల్ఫిన్ల కుటుంబంలో అన్నిటికంటే పెద్ద జంతువుకు ఆ పేరు అంటగట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు.

చివరగా అమ్మగారి సంగతి. ఆ రోజు మోకాళ్లు సహకరించకపోతే పడవ వదిలేసినా నష్టం లేదు. శాన్ హువాన్ దీవి పడమటి ఒడ్డున లైమ్ కిల్న్ పాయింట్ అనే పార్కు ఉంది. 1919 నాటి దీపస్తంభం దగ్గర తీరం నిటారుగా లోతుకు దిగిపోతుంది కాబట్టి ఓర్కాలు రాళ్లకు బాగా దగ్గరగా వెళ్తుంటాయి. ఇంజిను ఉండదు, ఊపు ఉండదు, వాటికి మన వల్ల ఇబ్బందీ ఉండదు. ఏ గంటకు వస్తాయో, అసలు వస్తాయో రావో చెప్పలేం. తినడానికి ఏదైనా కట్టుకుని, మడత కుర్చీ ఒకటి తీసుకుని, ఒక పూట అంతా అక్కడే ఉండేలా వెళ్లండి. బైనాక్యులర్ మాత్రం అమ్మగారి చేతికే ఇవ్వండి. పిల్లల చేతికిస్తే అది సముద్రం వైపు ఐదు నిమిషాలు, పక్కవారి తిండి వైపు గంట సేపు తిరుగుతుంది.